కరిచిందా? కుట్టిందా?



ఈ మధ్య లంచ్ బ్రేక్‌లో రెండో తరగతి బాబు ఒకడు ఏడుస్తూ వచ్చి, "మిస్, సంథింగ్ బిట్ మీ" అన్నాడు. చేతి మీద ఎర్రటి మచ్చ, చుట్టూ వాపు. ఏమిటది అని ఇంగ్లీషులో రెండుసార్లు అడిగాను. మళ్ళీ "బిట్" అనే అన్నాడు. స్కూల్లో ఇంగ్లీషే మాట్లాడాలని రోజూ చెప్పే నేనే, ఆ మాట పక్కన పెట్టి "కరిచిందా నాన్నా, కుట్టిందా?" అని అడిగాను. "కుట్టింది మిస్, పచ్చగా ఉంది, ఎగిరిపోయింది" అన్నాడు. కందిరీగ అయ్యుంటుందని అప్పుడర్థమైంది. వెంటనే నర్సు దగ్గరికి తీసుకెళ్ళాను.

ఇంగ్లీషులో 'స్టింగ్' అనే మాట ఉంది. వాడికి అదింకా రాలేదు. కానీ ఆ తేడా మాత్రం ఇంట్లో విన్న తెలుగు వల్ల వాడికి ముందే తెలుసు.

మన ఇళ్ళలో ఇలాంటి మాటలు ఎన్ని ఉన్నాయో చూడండి. కుక్క కరుస్తుంది. పాము కాటేస్తుంది. తేలు కుడుతుంది. ఎలుక బట్టలు కొరుకుతుంది. పిల్లలు జామకాయ కొరికి, నమిలి మింగుతారు. పొరపాటున నోరు జారితే నాలుక కరుచుకుంటాం. రహస్యం చెప్పేవాళ్ళు చెవి కొరుకుతారు. లొంగని మనిషి కొరకరాని కొయ్య. ఇన్నింటికీ పిల్లలు "బైట్ చేసింది" అనే ఒక్క మాటతో సరిపెడితే నష్టం తెలుగుకే కాదు, వాళ్ళ ఇంగ్లీషుకు కూడా.

ఎందుకంటే ఇంగ్లీషులోనూ ఈ మాటలకు పెద్ద కుటుంబమే ఉంది. కొరికితే వచ్చిన ముక్క 'బిట్'. 'బీటిల్' అనే పురుగు పేరుకు పాత ఇంగ్లీషులో అర్థం 'కొరికేది'. 'రిమోర్స్' అంటే పశ్చాత్తాపం. లాటిన్‌లో కొరకడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది, అంటే మనసును మళ్ళీ మళ్ళీ కొరికేది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే తల్లిదండ్రులు రోజూ వాడే 'బైట్' కూడా ఇదే. 1956లో ఐబీఎంలో వెర్నర్ బుకోల్జ్ ఈ పేరు పెట్టారు. 'బిట్'తో కలిసిపోకుండా స్పెల్లింగ్‌లో 'ఐ' బదులు 'వై' వాడారు. మన వైపు చూస్తే, సంస్కృతంలో కరవడానికి 'దంశ' ధాతువు. కోరకు 'దంష్ట్ర' అనే పేరు అందులోంచే వచ్చింది. రెండు వైపులా పట్టుకునే పట్టకారును 'సందంశం' అన్నారు. మన 'కరచు'కు కన్నడ 'కచ్చు' దగ్గరి చుట్టం.

పిల్లలకు ఇవి కథల్లా చెబితే మర్చిపోరు. తెలుగులో దోమా కుడుతుంది, తేలూ కుడుతుంది. ఇంగ్లీషులో దోమ 'బైట్స్', తేలు 'స్టింగ్స్'. రెండు భాషలూ పక్కపక్కన పెడితేనే ఈ తేడా కనిపిస్తుంది.

పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడుతున్నాం మేడమ్" అని నాకు సంతోషంగా చెబుతారు. మీ తపన నాకు అర్థమవుతుంది. ఇంత ఫీజు కట్టేది ఇంగ్లీషు కోసమే కదా. అయినా ఇంగ్లీషు టీచరుగానే నా మనవి: ఇంగ్లీషు నేర్పే పని మాకు వదిలేయండి, ఇంట్లో తెలుగును ఆపకండి. అర్థం తెలిసిన పిల్లవాడికి కొత్త మాట నేర్పడం తేలిక. అర్థమే లేని చోట మాట నిలవదు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. అమ్మమ్మనో, తాతయ్యనో పక్కన కూర్చోబెట్టి, "కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం" అంటే ఏమిటో పిల్లలకు చెప్పించండి. చొక్కా అంచు కప్పి చాక్లెట్ కొరికి, కాకెంగిలి చేసి స్నేహితుడికి పంచిన రోజులు మీరే చెప్పండి. సోమవారం క్లాసులో ఆ కథను ఇంగ్లీషులో చెప్పించే బాధ్యత నాది.