చివరి సైకిలు



గడచిన శీతాకాలంలో మా పూర్వ విద్యార్థులు కొందరు, వారి మిత్రులు కలిసి ఇరవై ఇద్దరు హైదరాబాదు నుండి విజయవాడకు మూడు రోజుల సైకిలు యాత్ర తలపెట్టారు. తలసేమియాతో బాధపడే చిన్నారుల మందులకు, రక్తం ఎక్కించుకొనేందుకు జిల్లాల నుండి నగరానికి వచ్చే కుటుంబాల బస్సు చార్జీలకు నిధి సమకూర్చడం వారి సంకల్పం. తొక్కిన ప్రతి కిలోమీటరుకు ఇంత అని బంధుమిత్రులు మాట ఇచ్చారు. మమ్మల్ని కూడా తోడు రమ్మన్నారు. మా మోకాళ్లు సైకిలుకు ఒప్పుకోలేదు గనుక నీళ్ల క్యాన్లు, అరటిపండ్లు, గాలిపంపు ఉన్న ట్రాలీ ఆటోలో కూర్చున్నాము.

రెండవ నాడు నార్కట్‌పల్లిలో ఫజ్ర్ నమాజు ముగించుకొని బయలుదేరాము. ఆనాటి గమ్యం కోదాడ, సుమారు 95 కిలోమీటర్లు. 65వ నంబరు జాతీయ రహదారికి ఎడమ అంచున ఒకరి వెనుక ఒకరుగా సాగారు. ముందున్నవాడు ఎదురుగాలిని తన ఛాతీతో అడ్డుకుంటాడు, వెనుకవారికి శ్రమ తగ్గుతుంది. కొంతదూరం పోయాక అతడు పక్కకు తొలగి వెనుకకు వస్తాడు, మరొకడు ఆ భారం అందుకుంటాడు. ఈ ఏర్పాటు మాకెంతో ముచ్చట గొలిపింది.

అయితే కేతేపల్లి దాటి మూసీ వంతెన చేరేసరికి ఒక సైకిలు బాగా వెనుకబడింది. అది గేర్లు లేని పాత సైకిలు. తొక్కుతున్న ఆయన ముప్ఫై అయిదేళ్ల మెకానిక్కు. సూర్యాపేట వద్ద అందరూ ఆయన కోసం ఇరవై నిమిషాలు ఆగవలసి వచ్చింది. కుర్రవాళ్లలో విసుగు మొదలైంది. నిజం చెప్పాలంటే మాలోనూ మొదలైంది. "ఆయన్ను ఆటోలో ఎక్కించండి, జుహర్ వేళ మించిపోతుంది" అని సలహా ఇచ్చింది మేమే.

ఇచ్చిన మరుక్షణమే, ఏటేటా పిల్లలకు మేము బోధించే హదీసు ఒకటి జ్ఞప్తికి వచ్చి సిగ్గుపడ్డాము. ప్రయాణాలలో దైవప్రవక్త ముహమ్మద్ (స) బిడారుకు వెనుకగా ఉండేవారని, బలహీనులను ముందుకు నడిపించేవారని, తమ వాహనంపై వెనుక ఎక్కించుకొనేవారని, వారి కోసం దుఆ చేసేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. అది ఆయన స్వానుభవం కూడా. ఒక ప్రయాణంలో ఆయన ఒంటె అలసి వెనుకబడితే ప్రవక్త (స) వచ్చి దానిని అదిలించారు. దారిలో పలకరిస్తూ పెళ్లి సంగతి అడిగారు. తండ్రి ఉహుద్‌లో అమరుడైన సంగతి, చెల్లెళ్ల పోషణ కోసమే అనుభవం గల స్త్రీని చేసుకున్న సంగతి అప్పుడు ఆయన చెప్పుకున్నారు. ప్రవక్త (స) ఆ ఒంటెను కొన్నారు. మదీనా చేరాక వెల చెల్లించి, ఒంటెను కూడా తిరిగి ఇచ్చేశారు. నాయకుడు వెనుకకు వచ్చి పలకరించినందువల్ల ఆ ఇంటి కష్టం తెలిసింది. చేసిన సాయంలో చిన్నబుచ్చడమన్నది లేదు.

మేము ఆటోను చివరి సైకిలు వెనుక నడిపించమన్నాము. సూర్యాపేట దాటాక ఆయన ఒక వేపచెట్టు నీడన ఆగారు. నీళ్లిచ్చి పక్కన కూర్చున్నాము.

"బేటా, కాస్త దూరం ఆటో ఎక్కరాదా?"

"వద్దు హజ్రత్. నా కిలోమీటర్లకు మా షెడ్డువాళ్లు డబ్బు రాశారు, లెక్క తప్పుతుంది." కాసేపాగి మెల్లగా అన్నారు. "మా పాపకు ఏడేళ్లు. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఇక్కడెవరికీ చెప్పలేదు. చెబితే నన్ను ఇచ్చేవాళ్లలో కాక తీసుకునేవాళ్లలో కలుపుతారు."

తల వంచుకొని మరో మాట అన్నారు. "నా భార్య మా మేనత్త కూతురే. మా ఇద్దరికీ ఏ జబ్బూ లేదు. పెళ్లికి ముందు చేయించుకోవలసిన పరీక్ష ఒకటుందని మాకెవరూ చెప్పలేదు."

ఆ 'ఎవరూ'లో మేమూ ఉన్నాము. ఇన్నేళ్లుగా ఎన్నో నికాహ్‌లు జరిపించాము. మహర్ ఎంతని అడిగాము, సాక్షులెవరని అడిగాము. ఈ సంగతి ఒక్కసారీ అడగలేదు.

మేనరికం షరీఅత్‌లో ధర్మసమ్మతమే. కాని ఒకే వంశంలో పెళ్లిళ్లు జరిగినప్పుడు ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. తలసేమియా వాహకులు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తారు. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన వ్యాధి సోకే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక్కరే వాహకులైతే ఆ భయం లేదు. హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్షతో ఈ విషయం తెలుస్తుంది. సంబంధం ఖాయం కాకముందే ఆ పరీక్ష చేయించాలి. అమ్మాయికే కాదు, అబ్బాయికీ చేయించాలి. ఫలితాన్ని నలుగురిలో చాటడం, దానిని బట్టి ఒకరిని తక్కువ చేయడం తగదు.

మునగాల వద్ద జుహర్ నమాజును ఖస్ర్‌గా రెండు రకాతులు చేయించాము. ఆయన రహస్యాన్ని ఎవరికీ చెప్పలేదు. మిగిలిన దారిలో ఆయనను వరుసలో రెండవ స్థానాన, గాలి తగలని చోట ఉంచమని, అందరూ ఆయన వేగానికే తొక్కాలని మాత్రం కోరాము. కుర్రవాళ్లు మారుమాట లేకుండా అలాగే చేశారు. కోదాడలో ఇరవై రెండు సైకిళ్లూ ఒక్కసారే ఆగాయి. ఆయన అనుమతితోనే, పేరు చెప్పకుండా, ఇది రాస్తున్నాము.

ఇప్పుడు నికాహ్ మాట్లాడేందుకు వచ్చే పెద్దలను మహర్ కన్నా ముందు ఆ పరీక్ష సంగతే అడుగుతున్నాము. కొందరు నొచ్చుకుంటున్నారు. అయినా అడుగుతున్నాము. మీ ఇంట సంబంధం మాటలు నడుస్తుంటే మీరే ముందుగా ఆ మాట ఎత్తండి. వెనుకబడిన వారి కోసం ఆగే ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.