అడ్డగుణకారం వస్తే చాలా?

మొన్న సెలవులకి కడప జిల్లాలో మా ఊరెళ్ళినప్పుడు, డీఎడ్ చదువుతున్న మా మేనకోడలు తను రాసుకున్న పాఠ్యపథకం చూపించింది. అనులోమానుపాతం. 4 పెన్నులు 20 రూపాయలైతే 7 పెన్నులెంత? బాణం గుర్తులు, అడ్డగుణకారం, జవాబు 35. తప్పేమీ లేదు.

ఊరికే ఉండక, "300 అడుగుల బోరుకి 30 వేలైతే 600 అడుగులకెంత?" అనడిగా.

"60 వేలు మామా" అంది టక్కున.

పక్కన సంగటి తింటున్న మా బావ నవ్వాడు. "ఎవురేస్తారమ్మా ఆ రేటుకి? మున్నూరు దాటినాక అడుగు రేటు పెరుగుతాది. కేసింగు వేరే." ఆయన చదివింది ఐదో తరగతి. బోర్ల మీద పోగొట్టుకున్న డబ్బు నేర్పిన లెక్క అది. లోతు రెట్టింపైతే నీళ్ళు రెట్టింపు కావని కూడా ఆయనకి తెలుసు.

అనుపాతం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చెయ్యదో గుర్తుపట్టడమే అసలు పాఠమని నాకనిపిస్తుంది. (నలుగురు ఆర్నెల్లలో చేసే ప్రాజెక్టుని ఎనిమిదిమందితో మూణ్ణెల్లలో చేయిద్దామనుకునే మేనేజర్లకీ ఈ పాఠం చెప్పాలి. ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే పుస్తకం రాసినా ఎవరూ వినలేదు!)

టీచరు కాబోయేవాళ్ళకి ఇంకోటి కూడా కావాలి. 2 గ్లాసుల బియ్యానికి 3 గ్లాసుల రాగిపిండి అయితే, 4 గ్లాసుల బియ్యానికెంత పిండి? చాలామంది పిల్లలు 5 అంటారు. అక్కడ రెండు పెరిగింది కదా, ఇక్కడా రెండు. వాడు ఎక్కం తప్పలేదు, కూడికతో ఆలోచిస్తున్నాడు. "తప్పు, సూత్రం రాయి" అంటే 6 రాస్తాడు గానీ ఆలోచన అక్కడే ఉంటుంది. అదే "ఇదే కొలతతో ఇంకో కుండ పెట్టు, రెండు కుండలకీ కలిపి పిండెంత?" అనడిగితే వాడే దిద్దుకుంటాడు. ఈ అడగడం సూత్రం బట్టీపడితే రాదు, పిల్లలతో కూర్చుని సాధన చేయించాలి. బ్రెజిల్‌లోని రెసీఫె వీధుల్లో సరుకులమ్మే పిల్లలు బేరంలో సరిగ్గా చెప్పిన లెక్కల్నే కాగితం మీద తప్పు చేశారని 1985లో కరాహెర్ బృందం రాసింది. మన పిల్లల దగ్గర కూడా సంత లెక్కలుంటాయి, అడిగేవాళ్ళేరీ?

ఇదంతా చెబితే మా పిల్ల, "డీఎస్సీలో ఇది రాదు కదా మామా" అంది. నిజమే. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకి జరిగింది కంప్యూటర్ మీద జవాబులు ఎంచుకునే పరీక్ష. పిల్లాడు 5 ఎందుకన్నాడో పట్టుకోగలిగే టీచరెవరో అందులో ఎలా తెలుస్తుంది?

రాత్రి చూస్తే, వాళ్ళ నాన్న దగ్గర పాత బోరు బిల్లు తీసుకుని పాఠ్యపథకంలో ఎక్కించుకుంటోంది. పెన్నుల లెక్క మాత్రం కొట్టెయ్యలేదు. మార్కులు పోతాయంట.