పందేనికి ముందే ఓడిస్తున్న ప్రయాణం

నెలల తరబడి చేసిన సాధనను రెండు రాత్రుల ప్రయాణం హరించివేయగలదు. ఈ సత్యాన్ని మన క్రీడా సంఘాలు, పాఠశాలలు, తల్లిదండ్రులు ఇంకా తగినంతగా గుర్తించలేదు. శిక్షణకు, దుస్తులకు, బూట్లకు ఎంతో కొంత వెచ్చించేవారు సైతం పిల్లలు పోటీస్థలానికి ఏ స్థితిలో చేరుతున్నారనే విషయాన్ని దైవానికి వదిలివేస్తున్నారు.

ఉత్తర తెలంగాణనే తీసుకుందాం. కరీంనగర్‌లోను, ఆదిలాబాద్‌లోను ప్రభుత్వ క్రీడా పాఠశాలలున్నాయి. గిరిజన ఆశ్రమ పాఠశాలల నుండి కూడా కబడ్డీకి, ఖోఖోకు, పరుగుపందేలకు పిల్లలు తరలివస్తున్నారు. ఉట్నూరుకు రైలు లేదు. అక్కడి బాలిక ఢిల్లీలో పరుగెత్తాలంటే మొదట బస్సులో మంచిర్యాలకు చేరాలి. కాజీపేట - బల్లార్షా మార్గంలో పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ మీదుగా ఉత్తరాదికి పోయే రైలు పట్టుకొని దాదాపు ఒక పగలు, ఒక రాత్రి గడపాలి. శీతాకాలంలో పొగమంచు కమ్మితే మరికొన్ని గంటలు కలుస్తాయి. బెర్తులు దొరకకపోతే ఆ సమయమంతా కూర్చొనో, నిలబడియో గడపవలసినదే. దిగిన మరునాడు ఉదయమే పందెమంటే ఆ దేహం దేనితో పోరాడాలి?

వేగధారణ అనే దోషం

చరక సంహిత సూత్రస్థానంలో వేగాలను బలవంతంగా ఆపరాదని బోధించడానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. అందులో చెప్పిన వేగాలు పదమూడు. వాటిలో మలం, మూత్రం, ఆకలి, దప్పిక, నిద్ర అనే ఐదింటినీ మన క్రీడాకారులు ఒక్క ప్రయాణంలోనే అణచుకుంటున్నారు. ముఖ్యంగా ఆడపిల్లల దుస్థితి బయటకు చెప్పుకోలేనిది. మరుగుదొడ్డికి పోవడానికి దారి ఉండదు, పోయినా నీరుండదు. అందుచేత వారు నీళ్లు త్రాగడమే మానివేస్తారు. మూత్రాన్ని ఆపితే పొత్తికడుపు నొప్పి, తలనొప్పి కలుగుతాయని, దప్పికను అణచితే నోరు, గొంతు ఎండి బడలిక వస్తుందని, నిద్రను ఆపితే ఒళ్లునొప్పులు, కన్నుల బరువు, మగత కలుగుతాయని చరకుడు చెప్పాడు. నిద్రాభంగానికి ఆయన చూపిన చికిత్స నిద్ర, మృదువైన ఒళ్లుపట్టుడు. ఇంతకంటె చౌకయైన చికిత్స వేరొకటి లేదు. అయినా మనం సమకూర్చనిది ఆ చికిత్సనే.

ఆధునిక వైద్యం కూడా ఈ మాటనే మరొక భాషలో చెప్పుతున్నది. నీరు తగ్గితే రక్తప్రమాణం తగ్గి గుండెకు శ్రమ పెరుగుతుంది. నిద్ర తగ్గితే ప్రతిస్పందనలోని చురుకుదనం, నిర్ణయశక్తి మందగిస్తాయి. 14 నుండి 17 సంవత్సరాల వయస్సు వారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరం. పాఠశాలల క్రీడాకారులలో ఎక్కువమంది ఈ వయస్సువారే.

రెండు విధాల అలసట

దూరప్రయాణపు అలసట రెండు విధాలు. మొదటిది ప్రయాణ బడలిక. కూర్చుని కూర్చుని కీళ్లు బిగుసుకొనుట, పాదాలు వాచుట, నిద్రలేమి, అకాల భోజనం దీని లక్షణాలు. ఆయుర్వేదం దీనిని వాతప్రకోపంగా పరిగణిస్తుంది. మంచి నిద్ర, సరియైన ఆహారం లభిస్తే ఇది ఒకటి రెండు రోజులలో ఉపశమిస్తుంది. రెండవది విమానంలో దేశాలు దాటినవారికి కలిగే కాలవ్యత్యాసపు అలసట. శరీరంలోని గడియారం స్వదేశపు కాలాన్నే పాటిస్తూ ఉంటుంది. అది కొత్త కాలానికి సర్దుకొనడానికి గంట వ్యత్యాసానికి సుమారు ఒక రోజు పడుతుందని క్రీడావైద్యుల స్థూలమైన లెక్క. సాధారణంగా తూర్పుకు పోవడం పడమటికి పోవడంకంటె కష్టం.

పొరుగున ఉన్న వరంగల్ జిల్లా కల్లెడ గ్రామపు బిడ్డ జీవంజి దీప్తి 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్ల దూరాన్ని 55.07 సెకన్లలో పరుగెత్తి టీ-20 విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే సంవత్సరం సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్య పతకం సాధించింది. కోబె మన కాలానికి మూడున్నర గంటలు ముందు, వేసవిలో పారిస్ మూడున్నర గంటలు వెనుక. పారిస్‌లో బంగారు, కాంస్య పతకాల మధ్య వ్యత్యాసం సెకనులో మూడింట రెండు వంతులు మాత్రమే. ఆమె ఫలితానికి ప్రయాణం కారణమని మేము చెప్పడం లేదు. సెకనులో ఒక భాగానికి అంత విలువ ఉన్న చోట ఒక రాత్రి నిద్రకు ఎంత విలువ ఉంటుందో పాఠకులే ఊహించగలరు. 2028 ఒలింపిక్స్ జరగనున్న లాస్ ఏంజెలస్ వేసవిలో మనకంటె పన్నెండున్నర గంటలు వెనుక ఉంటుంది. అనగా మన పగలు వారికి రాత్రి.

మన నేల నేర్పే పాఠం

ఈ వివేకం మనకు కొత్తది కాదు. ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశీయులు కాలినడకన హస్తినమడుగుకు పోయి గోదావరి జలం తెస్తారు. తిరిగి వచ్చిన వెంటనే మహాపూజకు కూర్చొనరు. కేస్లాపూర్‌లోని మర్రిచెట్ల నీడన విడిది చేసి, పుష్య అమావాస్య రాత్రి మహాపూజ జరుపుతారు. ఆచారానికి దాని కారణాలు దానికి ఉండవచ్చు. అయినా దూరప్రయాణానికి, ప్రధాన కార్యానికి నడుమ విడిది ఉండాలనే క్రమం అందులో కనిపిస్తున్నది.

ఆచరింపదగిన పద్ధతులు

ప్రయాణంలో పేలాలు, అటుకులు, వేయించిన పల్లీలు, ఖర్జూరం, అరటిపండు వంటివి వెంట ఉంచుకొనవలెను. ఆయా స్టేషన్లలో అమ్మే నూనె పదార్థాలు పనికిరావు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగవచ్చు. గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి, మడమలను ఆడించాలి.

చరకుడు శ్రమహరమైన ద్రవ్యాలను పదింటిని పేర్కొన్నాడు. ద్రాక్ష, ఖర్జూరం, రేగు, దానిమ్మ, చెరకు, యవలు, అరువది దినాల వరి వాటిలో ఉన్నాయి. ఆదిలాబాద్ అడవుల్లో పండే మొర్రి కూడా ఆ పట్టికలోనిదే. దాని గింజలోని పప్పునే మనం సారపప్పు అంటాము. ఇవన్నీ ఆహారమే గాని అరుదైన ఔషధాలు కావు.

చేరిన నాటి సాయంకాలం గోరువెచ్చని నువ్వుల నూనెతో ఒళ్లంతా, విశేషించి తలకు, పాదాలకు మర్దన చేసుకొని, కొంతసేపాగి వేడినీటి స్నానం చేయాలి. అభ్యంగనం శ్రమను, వాతాన్ని హరిస్తుందని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. అజీర్ణం ఉన్నవారు చేయరాదని కూడా ఆయనే హెచ్చరించాడు. జ్వరం ఉన్నవారూ మానాలి. మర్దన వలన పరుగు వేగం పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అది కండరాల నొప్పిని కొంత తగ్గించి నిద్రకు తోడ్పడుతుంది. ఆ మేలు చాలును. రాత్రి తేలికగా భుజించి త్వరగా పడుకోవాలి. మరునాడు తేలికపాటి నడక, సాగదీత తప్ప కఠిన సాధన కూడదు. దేశాంతరం పోయినవారు అక్కడి పగటి వెలుగులో తిరగాలి, అక్కడి రాత్రికే నిద్రించాలి.

మందుల విషయంలో జాగ్రత్త

బడలిక పోతుందని ఊరూపేరూ లేని చూర్ణాలు, లేహ్యాలు మింగడం క్రీడాకారులకు ప్రమాదకరం. మన అడవుల్లో విరివిగా పెరిగే ముష్టి చెట్టు గింజలో స్ట్రిక్నిన్ అనే తీవ్ర విషం ఉన్నది. వైద్యులు దానిని శుద్ధి చేసి కొన్ని ఔషధాలలో వాడుతారు. 1904లో సెయింట్ లూయిస్ ఒలింపిక్ మారథాన్‌లో థామస్ హిక్స్‌కు దారిలో దీనినే ఇచ్చారు. గెలిచాడు గాని ప్రాణాపాయ స్థితిలో గమ్యం చేరాడు. నేడు పోటీలలో స్ట్రిక్నిన్ నిషిద్ధం. సోమలత పేరుతో వాడే మొక్కలోని ఎఫిడ్రిన్ కూడా పోటీల సమయంలో పరిమితి దాటితే నిషిద్ధమే. తెలియక తిన్నామన్నంత మాత్రాన డోపింగ్ నిరోధక సంస్థ దోషం లేదనదు. తన దేహంలోకి పోయే ప్రతి పదార్థానికి క్రీడాకారుడే బాధ్యుడు. కావున అంగడి మందుకంటె వంటింటి ఆహారమే శ్రేయస్కరం.

ఆక్షేపణకు సమాధానం

‘పూర్వం జనరల్ పెట్టెలో పోయి పతకాలు తెచ్చినవారు లేరా?’ అని కొందరు అడుగుతారు. ఉన్నారు. వారు ఆ కష్టాన్ని జయించి గెలిచినవారు, దాని వలన గెలిచినవారు కారు. గెలిచిన ఒక్కరి కథ మనకు చేరుతుంది. బడలికతో తొలి పందెంలోనే వెనుదిరిగి, తమకు శక్తి లేదని నమ్మి ఆట మానిన పిల్లల కథ ఎవరికీ చేరదు. అసలు నష్టం అదే.

డబ్బు లేదన్నది రెండవ ఆక్షేపణ. ఇది కొంతవరకు వాస్తవం. అయితే పోటీ తేదీలు తెలిసిన వెంటనే బెర్తులు కొనడం వలన ఖర్చు పెద్దగా పెరగదు, శ్రద్ధ మాత్రం కావాలి. ఒక రోజు ముందుగా చేర్చితే అదనంగా అయ్యేది ఒక పూట బస, రెండు పూటల భోజనం. నెలల శిక్షణ ఖర్చు ముందు ఇది స్వల్పం.

కావున ప్రతి జట్టు పందేనికి కనీసం ఒక పూర్తి రోజు ముందు పోటీస్థలానికి చేరాలి. ప్రతి బిడ్డకు పడుకొనే బెర్తు ఉండాలి. ఆడపిల్లలతో తప్పనిసరిగా ఒక మహిళ వెళ్లి, వారు నీరు త్రాగుతున్నారో లేదో చూడాలి. జట్టును ఎంపిక చేసే నాడే ఈ మూడింటినీ కాగితంపై వ్రాయించుకొనే హక్కు తల్లిదండ్రులకున్నది. ఆ హక్కును సంకోచించక వినియోగించుకొనవలెనని మా మనవి.