ఇంకా ఎవరిదీ కాని ఆట

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్‌ను మొదటిసారి పతకాల ఆటగా పెట్టారు. మహిళల స్ట్రీట్ విభాగంలో స్వర్ణం గెలిచిన జపాన్ అమ్మాయి మోమిజి నిషియాకు అప్పుడు 13 ఏళ్లు. రజతం గెలిచిన బ్రెజిల్ అమ్మాయి రైసా లియాల్‌కూ 13 ఏళ్లే. మూడేళ్ల తర్వాత పారిస్‌లో స్ట్రీట్ స్వర్ణం కోకో యోషిజావాకు, పార్క్ స్వర్ణం ఆస్ట్రేలియాకు చెందిన అరీసా ట్రూకు దక్కాయి. ఇద్దరికీ 14 ఏళ్లు. మన లెక్కలో ఎనిమిదో తరగతో, తొమ్మిదో తరగతో చదివే పిల్లలు. ఈ వార్తలు వయసు రికార్డులుగా ఒకరోజు పేపర్లో కనిపించి వెళ్లిపోయాయి. 2026 ఐచి-నగోయా ఆసియా క్రీడల్లోనూ, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోనూ ఈ ఆట ఉంది. అయినా కోనసీమలో ఒక స్కేట్‌పార్క్ కట్టాలని నేను అడుగుతున్నది పతకాల కోసం కాదు. ఈ ఆట మన దగ్గర ఇంకా ఎవరి సొంతమూ కాలేదు. ఇది ఫలానా కులం పిల్లలదనీ, ఫలానా వీధి వాళ్లదనీ, మగపిల్లలదనీ ఎవరూ గిరి గీయలేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట లాంటి చోట ఉమ్మడి జాగాలో ఒక ఆట మొదలుపెట్టడానికి అంతకు మించిన అర్హత ఏం కావాలి?

పాత ఆటలకు పాత హక్కులుంటాయి. సాయంత్రం హైస్కూలు గ్రౌండ్‌లో పిచ్ ఎవరిదో, బౌండరీ దగ్గర నిలబడి బంతి అందించేది ఎవరో, అసలు గేటు లోపలికే రానిది ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు. ఏడో తరగతి దాటిన ఆడపిల్ల బడి వదిలాక గ్రౌండ్‌లో కనిపించడం అరుదు. ఆమెను ఎవరూ పొమ్మనరు. పొమ్మనాల్సిన అవసరమే రాదు. కొత్త ఆటకు ఈ బరువు ఉండదు. 2007లో ఆలివర్ పెర్కోవిచ్ అనే ఆస్ట్రేలియన్ కాబూల్ వీధుల్లో పిల్లలకు స్కేట్‌బోర్డు నేర్పడం మొదలుపెట్టాడు. ఆడపిల్ల సైకిలు తొక్కితే తప్పుపట్టే ఆ సమాజంలో స్కేట్‌బోర్డు మీద మాత్రం ఏ నిషేధమూ లేదు. అదేమిటో ఎవరికీ తెలియకపోవడమే కారణం. ఆ సందులోంచే స్కేటిస్తాన్ అనే సంస్థ పుట్టింది, దానిలో అమ్మాయిలు పెద్ద సంఖ్యలో చేరారు. ఆ అమ్మాయిల మీద తీసిన డాక్యుమెంటరీకి 2020లో ఆస్కార్ వచ్చింది. మరుసటి ఏడాది తాలిబన్లు తిరిగొచ్చి ఆ తలుపు మూసేశారు. కాబట్టి ఒక ఆట రాజ్యాన్ని ఎదిరిస్తుందని నేను అనను. కానీ పెద్దవాళ్లు తేరుకుని కొత్త గిరి గీసేలోపు పిల్లలకు కొంత వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిలో అలవాటైనది అంత తేలిగ్గా పోదు.

మన దేశంలోనే దీనికి రుజువుంది. మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లాలో జన్వార్ అనే చిన్న ఊరు. ఆదివాసీలు ఒకవైపు, యాదవులు మరోవైపు. 2015లో జర్మనీకి చెందిన ఉల్రికే రైన్‌హార్ట్ అక్కడ స్కేట్‌పార్క్ కట్టించి రెండు నియమాలు పెట్టారు: బడికి వెళ్లని వాళ్లకు బోర్డు ఇవ్వరు, ఎప్పుడైనా అమ్మాయిలదే ముందు వంతు. రెండు వైపుల పిల్లలూ ఒకే కాంక్రీటు మీదికి వచ్చారు. ఆ ఊరి ఆదివాసీ అమ్మాయి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాంజింగ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో భారత్ తరఫున ఆడింది. ఆమెకు పతకం రాలేదు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది ఆ పార్కులో ఆట నడిచే తీరు. స్కేట్‌బోర్డింగ్‌లో జట్లు ఎంచుకోవడం లేదు, కాబట్టి ఎంపికలో మిగిలిపోయే పిల్ల కూడా ఉండదు. వాలు అంచున అందరూ వరసగా నిలబడతారు, వంతు వచ్చినవాళ్లు ఒక్కొక్కరే దిగుతారు. వెనక కాలితో బోర్డు తోకను నేలకేసి కొట్టి, ముందు కాలితో దాన్ని పైకి లాగుతూ గాల్లోకి లేవడం నేర్చుకోవడానికి చాలామందికి వారాలు పడుతుంది. అన్నాళ్లూ ప్రతి పిల్లా అందరి ముందూ పడుతుంది. చివరికి ఒక్కసారి సరిగ్గా దిగితే, చుట్టూ ఉన్నవాళ్లు తమ బోర్డులను నేలకేసి టకటకా కొడతారు. ప్రపంచమంతటా స్కేటర్లు మెచ్చుకునే పద్ధతి అదే. ఆ క్షణంలో అక్కడ ఎవరి ఇంటిపేరూ గుర్తుండదు.

కోనసీమకు ఇది ఎందుకు అవసరమో ఈ జిల్లా వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడింది. అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్లలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. ఆ రోజు రోడ్డు మీద ఉన్నవాళ్లలో కుర్రాళ్లు ఎంతమందో అందరూ చూశారు. పేట పిల్లలూ ఊరి పిల్లలూ ఒకే బెంచీ మీద చదువుకుంటారు, గంట కొట్టగానే ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. తల్లి గల్ఫ్‌లో, పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉన్న ఇళ్లు ఇక్కడ తక్కువేం కాదు. ఆ పిల్లలకు సాయంత్రం తోడు ఫోనే. ఒక స్కేట్‌పార్క్ కులాన్ని తుడిచేస్తుందని చెప్పేంత అమాయకత్వం నాకు లేదు. బడి వదిలాక వీళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకునే చోటు ఏదని అడిగితే మన దగ్గర జవాబు లేదు. కనీసం ఆ జవాబు ఒక్కటైనా ఉండాలి.

జాగా ఎక్కడుందంటారు. నిజమే, గౌతమికీ వశిష్ఠకూ మధ్య కొబ్బరి తోటలు, చేలు పోగా ఖాళీ నేల దొరకడం కష్టం. అయితే ఒక పూర్తి ఫుట్‌బాల్ మైదానానికి ఎకరం ముప్పావు కావాలి. జన్వార్ పార్క్ విస్తీర్ణం సుమారు 450 చదరపు మీటర్లు, అంటే 11 సెంట్లు. ఫుట్‌బాల్ మైదానంతో పోలిస్తే ఇది చాలా చిన్నది. ఇక్కడ కాస్త తవ్వితే చాలు నీళ్లు ఊరతాయి, కాబట్టి గొయ్యిలా దించకూడదు. గ్రావెల్ పోసి, దిమ్మిస కొట్టి, ఇనుప మెష్ పరిచి నేలకు పైన కట్టాలి. వాలుకు గుండ్రం రావడానికి ప్లైవుడ్‌ను ఆ వంపుకు కోసి, దాన్నే బద్దలా కాంక్రీటు మీద లాగుతారు. మన తాపీ మేస్త్రులకు ఒకసారి చూపిస్తే సరిపోయే పని. బెంగళూరుకు చెందిన హోలీస్టోక్డ్ లాంటి బృందాలకు దేశంలో ఇలాంటివి కట్టిన అనుభవం ఉంది. చిన్న రాతి పలుకు చక్రం కింద పడినా బోర్డు ఆగిపోయి మనిషి ముందుకు పడతాడు, అందుకే నునుపులో మాత్రం రాజీ కుదరదు. దాళ్వా కోతలప్పుడు చదునుగా ఉన్న భాగాన్ని వారం పదిరోజులు ధాన్యం ఆరబోయడానికి రైతులు అడిగితే ఇవ్వడమే మంచిది. రోడ్డు మీద ఆరబోసి ప్రమాదాలు తెచ్చుకోవడం కంటే అది ఎంతో నయం.

తాగునీరు, రోడ్ల సమస్యలు ఉండగా ఇదెందుకన్నది గట్టి అభ్యంతరం. పంచాయతీ నిధుల్లోంచి ఒక్క రూపాయి తీయాల్సివస్తే నేనూ వద్దనే అంటాను. కానీ ఈ జిల్లా నేల కింది గ్యాసును దశాబ్దాలుగా తోడుకుంటున్న సంస్థలున్నాయి. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ మంట 65 రోజులు మండింది. 2014లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ చట్టం ఏడో షెడ్యూలులో ఒలింపిక్ క్రీడల్లో శిక్షణ కూడా ఉంది. స్కేట్‌బోర్డింగ్ ఒలింపిక్ క్రీడ. దారి చట్టంలోనే ఉంది, అడగాల్సింది మన ప్రజాప్రతినిధులు. సంక్రాంతి మూడు రోజుల కోడిపందేల బరుల కోసం ఎకరాలకు ఎకరాలు చదును చేయగలిగిన చోట 11 సెంట్లు దొరకవంటే నమ్మడం కష్టం.

డబ్బున్న పిల్లల ఆట అనేవాళ్లున్నారు. సొంత బోర్డు కొనుక్కోవాలంటే ఆ మాట కొంత నిజం, అందుకే బోర్డులు, హెల్మెట్లు పార్కువే అయి ఉండాలి. 2022లో గుజరాత్‌లో జరిగిన జాతీయ క్రీడల్లో స్కేట్‌బోర్డింగ్ స్వర్ణం గెలిచిన శ్రద్ధా గైక్వాడ్ తండ్రి పుణెలో సెక్యూరిటీ గార్డు. మన తెలుగువాళ్లకు చక్రాల ఆటలు పూర్తిగా కొత్త కూడా కాదు. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు గెలిచాడు. అయితే రోలర్ స్కేటింగ్‌కు రింకు, కోచ్, ఫీజు కావాలి. స్కేట్‌బోర్డుకు తెరిచి ఉన్న కాంక్రీటు, పక్కన ఇంకొంచెం బాగా వచ్చిన పిల్ల ఉంటే చాలు.

మనకు మన ఆటలు లేవా అని కూడా అడుగుతారు. కబడ్డీ ఉంది, ఆత్రేయపురం పడవ పోటీలున్నాయి, అవన్నీ ఉండాల్సిందే. కానీ అమలాపురానికి ఇవాళ ప్రపంచంలో పేరు తెచ్చింది బ్యాడ్మింటన్. సాత్విక్ సాయిరాజ్ చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచాడు, ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు, ఖేల్‌రత్న అందుకున్నాడు. ఆ ఆట గోదావరి ఒడ్డున పుట్టింది కాదు. వ్యాయామ ఉపాధ్యాయుడైన తండ్రి, ఇంట్లో రాకెట్, దగ్గర్లో కోర్టు ఉండబట్టి అతనికి అందింది. దగ్గర్లో ఉన్న ఆటే పిల్లలకు సొంత ఆట అవుతుంది.

దెబ్బల భయం మాత్రం సరైనదే. ఈ ఆటలో మణికట్లు విరుగుతాయి, మోకాళ్లు గీరుకుపోతాయి. హెల్మెట్ లేనిదే బోర్డు ఎక్కనివ్వకూడదు, పడడం ఎలాగో మొదటి రోజే నేర్పాలి. కాలవగట్టు రోడ్డు మీద లైసెన్సు లేకుండా ముగ్గురేసి బైకు మీద పోతున్న పిల్లలను చూసి అలవాటుపడ్డ మనం, హెల్మెట్ పెట్టుకుని కాంక్రీటు మీద పడే పిల్లను చూసి బెదరడంలో అర్థం లేదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పార్కు కట్టాక దాని తాళం ఎవరి చేతిలో ఉంటుందన్నది. అకాడమీ బోర్డు పెట్టి నెలనెలా ఫీజు వసూలు చేస్తే, బలమున్న కుర్రాళ్ల గుంపు సాయంత్రాలు ఆక్రమిస్తే, అది ఇంకో హైస్కూలు గ్రౌండే అవుతుంది. అందుకే మొదటి రోజు నుంచీ సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా అమ్మాయిలకే కేటాయించాలి. తాళం, బోర్డులు పక్కనున్న ప్రభుత్వ బడి వ్యాయామ ఉపాధ్యాయుల దగ్గర ఉండాలి. ప్రవేశం ఉచితమని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. పార్కు కూడా ఊరికీ పేటకూ మధ్య, ఇద్దరూ నడిచి రాగలిగే చోటే కట్టాలి.