జట్టు వెంట వెళ్ళనివాడే అభిమాని

2024 సెప్టెంబర్ 26, గురువారం మధ్యాహ్నం. ఓక్లాండ్ కొలీసియంలో ఆట అయిపోయింది. ఓక్లాండ్ అథ్లెటిక్స్, ఊళ్ళోవాళ్ళ నోట్లో ముద్దుగా ‘ఏస్’, టెక్సస్ రేంజర్స్ మీద 3-2తో గెలిచింది. 46,889 మంది వచ్చారు. గెలిచారు కాబట్టి అరిచి ఇంటికెళ్ళిపోవాలి. కానీ జనం కుర్చీల్లోంచి లేవట్లేదు. మైదానం పని చేసేవాళ్ళు గోడ దగ్గర చేతులు చాస్తున్నవాళ్ళకి అక్కడి మట్టి తీసి ఇస్తున్నారు. జనం దాన్ని కప్పుల్లో, సంచుల్లో పోసుకుంటున్నారు. ఓక్లాండ్‌లో ఏస్ ఆడిన చివరి ఆట అది.

ఆ మట్టి కొంచెం ఒక చిన్న సీసాలో మా పెద్దాయన ఇంట్లో, టీవీ పక్కన ఉంది. పెద్దాయన అంటే బంధువు కాదు, మా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఓక్లాండ్ మనిషి. నేను ఫ్రీమాంట్ వచ్చిన కొత్తలో, ‘సిక్స్ కొట్టాక కూడా ఈ పరుగెందుకు?’ అని వెక్కిరిస్తుంటే, ఓపిగ్గా కూర్చోబెట్టి బేస్‌బాల్ నేర్పింది ఆయనే. 1972లో, పదేళ్ళప్పుడు, వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని కొలీసియంకి వెళ్ళాడు. ఆ ఏడు ఏస్ వరల్డ్ సిరీస్ గెలిచింది. 73లో గెలిచింది, 74లోనూ గెలిచింది. ఇంకేం, పిల్లాడి పని అయిపోయింది. జీవితాంతం.

మొన్న ఒక భోజనాల దగ్గర ఈ సంగతి చెప్తే మా మిత్రుడొకడు అన్నాడు: “ఏంట్రా ఈ ఏడుపు? ఏస్ ఇప్పుడు ఆడుతున్నది శాక్రమెంటోలో. ఎనభై మైళ్ళు, గంటన్నర డ్రైవు. నిజమైన అభిమాని అయితే టీమ్ ఎక్కడుంటే అక్కడికి వెళ్తాడు. వెళ్ళట్లేదంటే అదేం అభిమానం?”

ఆ పూట నవ్వి ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది. వాడొక్కడి మాట కాదది. టీవీలో కోటు వేసుకుని కూర్చునే వ్యాఖ్యాతలు చెప్పేదీ అదే, టీమ్ ఓనర్లు మనసులో నమ్ముకున్నదీ అదే. అభిమాని ఎక్కడికి పోతాడు, తోక పట్టుకుని వెనకాలే వస్తాడు. ఈ ఒక్క నమ్మకం మీద ఎంత పెద్ద వ్యాపారం నడుస్తోందో చూడండి.

ఏస్ ఓనర్ జాన్ ఫిషర్. 2005 నుంచి టీమ్ ఆయన చేతుల్లో ఉంది, మొదట భాగస్వామితో కలిసి, తర్వాత పూర్తిగా. ‘గ్యాప్’ బట్టల కంపెనీ పెట్టిన కుటుంబం. ఆ ఇరవై ఏళ్ళలో కొత్త స్టేడియం కడతామని చూపించిన ఊళ్ళూ, స్థలాలూ ఒకటి కాదు. మేముండే ఫ్రీమాంట్‌నీ వదల్లేదు. 2006లో ఇక్కడే కడతామన్నారు, 2009లో చాప చుట్టేశారు. అప్పట్లో మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో మాత్రం చర్చంతా ట్రాఫిక్ గురించీ, ఇళ్ళ ధరల గురించే. నేనూ అందులో ఉన్నాను, దాచుకోను.

తర్వాత ఓక్లాండ్ ఓడరేవు పక్కనే కడతామన్నారు. ‘మా వేళ్ళు ఓక్లాండ్‌లోనే’ అనే అర్థం వచ్చే నినాదం టీమ్ వాళ్ళే బ్యానర్ల మీద రాయించుకున్నారు. ఆ బ్యానర్లు ఉండగానే లాస్ వేగస్‌తో మాటలు మొదలయ్యాయి. 2022 మార్చిలో, రెండు రోజుల తేడాలో, మ్యాట్ ఓల్సన్‌నీ మ్యాట్ చాప్‌మన్‌నీ వేరే టీములకి ఇచ్చేశారు. మంచి ఆటగాడు కనబడితే చాలు, బేరం పెట్టడమే. మరుసటేడు ఏస్ 162 ఆటల్లో 112 ఓడింది.

ఇక్కడ వాళ్ళ వాదన వినండి: ‘జనం రావట్లేదు, అందుకే వెళ్తున్నాం.’ హోటల్లో వంటవాళ్ళని పంపించేసి, రేటు పెంచి, కుళాయి నీళ్ళు కూడా సరిగా పెట్టకుండా, ‘కస్టమర్లు రావట్లేదు, ఊరు మంచిది కాదు’ అన్నట్టు. స్టేడియం పాతబడిందంటారు. నిజమే, డ్రెస్సింగ్ రూముల్లోకి మురుగు పొంగిన రోజులున్నాయి. 2023లో అవతలి టీమ్ కామెంటేటర్ల గదిలో ఒక పోసమ్, మన పందికొక్కుకి దూరపు చుట్టంలా ఉండే జంతువు, కాపురం పెట్టింది. చాలా నవ్వుకున్నారు అందరూ. కానీ ఆ మురుగు ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు పోసింది కాదు.

జనం రాలేదు అన్నారు కదా. 2023 జూన్ 13 సంగతి చెప్తాను. మంగళవారం రాత్రి. టీమ్ లీగ్‌లోకెల్లా అడుగున ఉంది. అభిమానులే కూడబలుక్కుని తిరగేసిన బహిష్కరణ అని ఒకటి పెట్టుకున్నారు: మానేయడం కాదు, అందరం వెళ్దాం, తప్పు ఎవరిదో చూపిద్దాం. 27,759 మంది వచ్చారు. ఆకుపచ్చ చొక్కాలు కుట్టించి ఊరికే పంచారు, వాటి మీద ‘అమ్మెయ్’ అని ఒక్కటే మాట. ఐదో ఇన్నింగ్స్ మొదట్లో అందరూ ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు. అంతమంది గొంతు బిగపట్టుకుని కూర్చున్నారు. ఆ తర్వాత అరుపు: టీమ్‌ని అమ్మెయ్, అమ్మెయ్ అని. ఆ రాత్రి ఏస్ 2-1తో గెలిచింది. వరసగా ఏడో గెలుపు.

పెద్దాయన ఆ రోజు నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏం మాట్లాడలేదు. వెనకాల డప్పులు వినిపిస్తున్నాయి. కొలీసియంలో కుడివైపు చివర డప్పులు కొట్టే గుంపు ఒకటుండేది, జీతం భత్యం లేని మేళం. టీమ్ ఓడుతున్నా కొట్టేవాళ్ళు, టీవీ వాళ్ళు చూపించినా చూపించకపోయినా కొట్టేవాళ్ళు.

మరి లీగ్ కమిషనర్ ఏమన్నాడు? ఒక్క రాత్రికి దాదాపు సగటు జనం వచ్చారు, చూడ్డానికి బాగుంది అన్న ధోరణిలో మాట్లాడాడు. అదే వారంలో నెవాడా రాష్ట్రం కొత్త స్టేడియానికి 38 కోట్ల డాలర్ల దాకా ప్రజల సొమ్ము ఇచ్చే చట్టం చేసింది. నవంబర్ 16న ఓనర్లందరూ ఓటేశారు. ముప్ఫైకి ముప్ఫై. ఒక్కరంటే ఒక్కరు వద్దనలేదు. రేపు తమకీ ఇదే బెదిరింపు పనికొస్తుంది కదా.

‘వ్యాపారం అండీ, ఎక్కడ లాభముంటే అక్కడికి పోతారు’ అనే పెద్దమనుషులకి ఒక మాట. మామూలు వ్యాపారమైతే పేచీ లేదు. ఇది మామూలు వ్యాపారం కాదని అమెరికా సుప్రీంకోర్టే చెప్పింది. 1922లో, బేస్‌బాల్ రాష్ట్రాల మధ్య జరిగే వాణిజ్యం కిందికి రాదనీ, గుత్తాధిపత్యాన్ని నిషేధించే చట్టాలు దానికి వర్తించవనీ తీర్పిచ్చింది. ఆ తీర్పుని 1953లో మళ్ళీ నిలబెట్టింది. 1972లో మూడోసారి కూడా. ఆ మూడోసారి కోర్టుకెక్కింది కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాడు. నన్నడక్కుండా నన్ను ఇంకో టీముకి ఎలా అమ్ముతారు అని అడిగాడు, ఓడిపోయాడు. ఆయన పెరిగింది ఓక్లాండ్‌లోనే. ఓక్లాండ్‌కి మొదటి వరల్డ్ సిరీస్ వచ్చింది కూడా ఆ ఏడాదే. అంటే లాభం లెక్కలేసేటప్పుడు వ్యాపారం, చట్టం దగ్గరికొచ్చేసరికి ఆట. ఏ ఊళ్ళో టీమ్ ఉండాలో, ఎన్ని టీములుండాలో ముప్ఫైమందే తేల్చుకుంటారు. పోటీగా ఇంకో ఏస్ పెట్టుకుని అదే లీగ్‌లో ఆడదామంటే కుదరదు. ఈ తాళం వాళ్ళ చేతిలో ఉన్నప్పుడు ‘మార్కెట్’ అనే మాట వాడ్డానికి నోరెలా వస్తుంది?

ఒక్క వాదన మాత్రం నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. ఏస్ పుట్టింది ఓక్లాండ్‌లో కాదు. 1901లో ఫిలడెల్ఫియాలో. 1955లో కాన్సస్ సిటీకి పోయింది, 1968లో ఓక్లాండ్ వచ్చింది. వాళ్ళ చొక్కా మీది ఏనుగు కూడా ఫిలడెల్ఫియాదే. ఆ టీమ్ తెల్ల ఏనుగురా అని అవతలి మేనేజర్ ఒకాయన ఎద్దేవా చేస్తే, సరే అదే మా గుర్తు అని పెట్టుకున్నారు. మరి కాన్సస్ సిటీ పిల్లలు ఏడవలేదా? మీరు నవ్వలేదా అప్పుడు?

ఏడ్చారు. పెద్దాయన దగ్గర నేనీ మాట ఎత్తితే, ‘అవును, మేం దొంగసొమ్ముతో పెరిగినవాళ్ళమే’ అన్నాడు. అయితే కాన్సస్ సిటీ వాళ్ళు ఏనుగు వెంటపడి ఓక్లాండ్ దాకా రాలేదు. వాళ్ళ సెనేటర్ స్టువర్ట్ సైమింగ్టన్, ఈ చట్టం మినహాయింపు సంగతి తేలుస్తాం అని లీగ్‌ని బెదిరించాడు. లీగ్ దిగొచ్చింది, 1969లో ఆ ఊరికి కొత్త టీమ్ ‘రాయల్స్’ వచ్చింది. ఆ గొడవే లేకపోతే ఆ టీమ్ అంత త్వరగా వచ్చేది కాదు. ఇదీ నేను మా మిత్రుడికి చెప్పాల్సిన మొదటి జవాబు.

రెండో జవాబు మన భాషలోనే ఉంది. ఇంగ్లీషు ‘ఫ్యాన్’లో పిచ్చి ఉందంటారు, మూఢభక్తి ఉందంటారు. తెలుగులో మనం వాడేది అభిమాని. అభిమానం అంటే ఇష్టం, అభిమానం అంటే పరువు కూడా. అభిమానం చంపుకుని చేయి చాచాడు అంటాం, అభిమానం గల మనిషి అంటాం. ఒకే మాటలో రెండూ పెట్టిన భాష మాట్లాడుతూ, తన్నిన కాలి వెంటే వెళ్ళేవాణ్ణి అభిమాని అని ఎలా పిలుస్తాం? హీరోల కటౌట్లకి పాలు పోసే మన ఊళ్ళల్లో ఈ రెండో అర్థం ఎప్పుడు రాలిపోయిందో గానీ, వెతికి తెచ్చుకోవాల్సిన రోజులివి.

హైదరాబాద్ వాళ్ళకి ఇందులో ఒక ముక్క తెలుసు. డెక్కన్ ఛార్జర్స్ 2009లో ఐపీఎల్ కప్పు తెచ్చింది. 2012 ముగిసేసరికి టీమే లేదు. 2013లో సన్‌రైజర్స్. మనం చొక్కా మార్చుకుని అరిచేశాం. తప్పనట్లేదు. ఊరికి టీమ్ మిగిలింది, ఐదేళ్ళ ప్రేమ కాబట్టి గాటూ చిన్నదే. ఓక్లాండ్‌ది యాభై ఏడేళ్ళు. పైగా 2019లో బాస్కెట్‌బాల్ టీమ్ బే దాటి శాన్ ఫ్రాన్సిస్కో పోయింది, 2020లో ఫుట్‌బాల్ టీమ్ వేగస్ పోయింది. ఇది మూడోది. ఉన్నవన్నీ పోయాయి.

పెద్దాయన ప్రేమించింది దేన్ని? 72లో ఆడినవాడు ఇప్పుడెవరూ లేడు. ఓనర్లు మారారు, చొక్కాలు మారాయి. మారనిది, బార్ట్ రైలు దిగి వంతెన మీద నడుచుకుంటూ వెళ్తుంటే దారిపొడుగునా వేరుశనగలు అమ్మేవాళ్ళ కేకలు. పక్క సీటు మనిషి. వాళ్ళ నాన్న పోయిన ఏడు కూడా పెద్దాయన రెండు టికెట్లే కొన్నాడు. రికీ హెండర్సన్ ఆ ఊరి వీధుల్లో పెరిగిన పిల్లాడు. 1991 మే 1న 939వ బేస్ దొంగిలించి పాత రికార్డు దాటినప్పుడు, ఆ బేస్‌ని నేలలోంచి పెరికి తలమీదికెత్తాడు. ఆ చివరి రోజు కూడా మైదానంలోకి వచ్చాడు. మూడు నెలలు తిరక్కుండానే, డిసెంబర్ 20న, ఓక్లాండ్‌లోనే పోయాడు. వీటిల్లో ఏది శాక్రమెంటోకి లారీలో ఎక్కించారు?

ఇంకో తమాషా. శాక్రమెంటోలో ఆడుతున్న టీమ్ పేరు ముందు ఊరి పేరే లేదు. శాక్రమెంటో అథ్లెటిక్స్ అని కూడా పెట్టుకోలేదు. ఉత్త ‘అథ్లెటిక్స్’. పద్నాలుగు వేల మంది పట్టే చిన్న లీగ్ స్టేడియంలో, వేగస్ కట్టడం పూర్తయ్యేదాకా అద్దెకున్నట్టు. ఆ ఊరివాళ్ళు పోయి చప్పట్లు కొట్టాలి, పేరు మాత్రం అడగకూడదు. మా మిత్రుడు పెద్దాయన్ని రమ్మంటున్నది ఇక్కడికి.

ఇంగ్లండ్‌లో వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్బుని 2002లో మిల్టన్ కీన్స్‌కి పంపడానికి అనుమతిచ్చినప్పుడు అభిమానులు వెంట వెళ్ళలేదు. వాళ్ళే ఒక టీమ్ పెట్టుకున్నారు, పార్కులో ఆటగాళ్ళని ఎంపిక చేసి, అడుగు మెట్టు నుంచి. 2011కల్లా పెద్ద లీగ్‌లోకి ఎక్కారు. 2020లో తమ పాత వీధికే, ప్లౌ లేన్‌కి, తిరిగొచ్చారు. ఇది చదివి ఉత్సాహపడకండి, అమెరికాలో ఆ మెట్లు లేవు. చిన్న లీగ్‌లో ఎన్ని గెలిచినా పెద్ద లీగ్‌లోకి దారి లేదు, తాళం సంగతి చెప్పాను కదా. అయినా పశ్చిమ ఓక్లాండ్‌లో రైమండి పార్కులో 2024 నుంచి ‘బాలర్స్’ అని ఒక టీమ్ ఆడుతోంది. వాటాలు అభిమానులకే అమ్మింది. ఆటగాళ్ళు రేపు ఎక్కడుంటారో తెలియని కుర్రాళ్ళు. బంతి పట్టుకోవడం మర్చిపోయిన రోజులూ ఉంటాయి. నేను చూసిన మొదటి ఆటలో అయితే ఏస్ ఆడిన ఆ 112 ఓటముల ఏడే నయమనిపించింది.

పెద్దాయన పాత ఆకుపచ్చ టోపీ పెట్టుకునే వస్తాడు, తీసేయమని ఎవరూ అనరు. శాక్రమెంటో స్కోరు మాత్రం అడగడు, చెప్పబోతే చెయ్యి అడ్డం పెడతాడు. ఈ శనివారం మళ్ళీ ఆట ఉంది. ఎప్పటిలాగే టికెట్లు ఒకటి ఎక్కువ కొన్నాడు. మిత్రుణ్ణి రమ్మని మెసేజ్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.