టైర్లు తర్వాత, ముందు కింగ్ పిన్ చూడండి

పాత జీపు ఇంటికి చేరిన వారంలోపే దాన్ని కోయడం మొదలుపెడుతున్నారు మనవాళ్లు. బండి పొద్దున్నే ఒక్క సెల్ఫుకు స్టార్టు కాదు, బ్రేకు ఒక పక్కకు లాగుతుంది, అయినా ముందు 31 అంగుళాల టైర్లకు అడ్వాన్సు వెళ్లిపోతుంది. ఆ తర్వాత కమాన్ల ఎత్తు పెంచడం, ముందు ఇనప బంపరు, దాని మీద వించి, కుదిరితే డీజిల్ ఇంజను. "పాత సామాను మీద డబ్బు పెట్టడం దేనికి, అంతా మార్చేస్తే రోగాలు వాటంతటవే పోతాయి" అనే మాట ఇప్పుడు జీపుల లోకంలో వేదవాక్కు. షెడ్లలో విన్నాను, కొన్నవాళ్ల నోట విన్నాను, చదువుకున్న ఇంజనీర్ల నోట కూడా విన్నాను. ఈ మాటను నేను పూర్తిగా కాదంటాను. మార్పులతో రోగం పోదు, దాక్కుంటుంది. అలా దాక్కున్నది ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బయటపడుతుంది.

నా బండి సంగతే చెబుతాను. మూతపడ్డ రైసు మిల్లు షెడ్డులో ఏళ్ల తరబడి నిలిచిపోయిన హై బానెట్ జీపు, పెట్రోలుది. సీజే-3బి. కొన్న రెండో రోజు హైవే ఎక్కించాను. వేగం 50 దాటగానే ముందు చక్రాలు రెండూ పూనకం వచ్చినట్టు కొట్టుకున్నాయి. స్టీరింగు చేతుల్లో నిలవలేదు. ఎలాగో పక్కకు ఆపాను గానీ పది నిమిషాల దాకా కిందికి దిగలేకపోయాను. ఆ సాయంత్రమే నలుగురు వచ్చి సలహాలిచ్చారు. ఒకరు స్టీరింగు డాంపర్ బిగించమన్నారు. ఒకరు పవర్ స్టీరింగు పెట్టించమన్నారు. మిగతా ఇద్దరూ వెడల్పు టైర్లు వేస్తే రోడ్డును పట్టుకుంటుందన్నారు. చక్రం పైకెత్తి చూద్దామని ఒక్కరూ అనలేదు.

చూసినాయన డెబ్బై ఏళ్లు దగ్గరపడ్డ మేస్త్రీ. ముందు ఇరుసు కింద జాకీ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపారు. లొడలొడలాడింది. "సార్, బ్రేకు తొక్కి పట్టుకోండి" అని మళ్లీ ఊపారు. లూజు అలాగే ఉంది. బ్రేకు తొక్కినప్పుడు లూజు పోతే తప్పు వీల్ బేరింగుది, పోకపోతే కింగ్ పిన్‌ది, అంటే స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రం తిరిగే కీలుది. రెండు నిమిషాల పరీక్ష. విప్పి చూస్తే కింగ్ పిన్ బేరింగుల గిన్నెలు గుంటలు పడి ఉన్నాయి, కమాన్లను ఛాసిస్‌కు కలిపే షాకిళ్ల బుష్షులు అరిగి కోలగా సాగాయి, బెల్ క్రాంక్ పిన్ను వదులు. అవి మార్చి, షిమ్ములు సరిచూసి, టో-ఇన్ కట్టాక బండి తిన్నగా నడిచింది. డాంపర్ బిగించి ఉంటే వణుకు కొన్నాళ్లు అణిగి ఉండేది, లోపల బేరింగులు అరుగుతూనే ఉండేవి.

ఇప్పుడు అదే బండికి ఆ సలహా ప్రకారం టైర్లు వేశామనుకోండి. కంపెనీ వేసింది 6.00-16 సన్న టైరు, ఎత్తు 28 అంగుళాల పైచిలుకు. 31 అంగుళాలది వేస్తే ప్రతి గేరూ దాదాపు పదోవంతు బరువెక్కుతుంది. సెకండు గేరులో ఎక్కిన మిట్టకు ఫస్టు కావాలి. స్పీడోమీటరు 50 చూపిస్తుంటే బండి 55లో పోతుంటుంది. ఇది చిన్న నష్టం. పెద్దది వేరే ఉంది. వెడల్పు టైరు కోసం వేసే రిమ్ము చక్రాన్ని బయటికి నెడుతుంది. చక్రం బయటికి జరిగినకొద్దీ గుంత దెబ్బ గునపం కొసన నొక్కినట్టు కింగ్ పిన్ మీద పడుతుంది, అంటే అప్పటికే చచ్చిన బేరింగు మీదే. ఇక ఎత్తు కోసం ముందు షాకిళ్లను పొడవు చేస్తారు. ఈ జీపుల్లో ముందు కమానుకు షాకిల్ ఉండేది ముందు కొసన. దాన్ని పొడవు చేస్తే ఇరుసు ముందుకు ఒరిగి, కింగ్ పిన్‌కు వెనక్కి ఉండాల్సిన వాలు తగ్గిపోతుంది. మలుపు తిరిగాక స్టీరింగును తనంతట తాను మధ్యకు తెచ్చేది ఆ వాలే; సైకిలు ముందు ఫోర్కును పక్కనుంచి చూస్తే అర్థమవుతుంది. వణుకుకు మందనుకుని చేసిన పని వణుకునే పెంచుతుంది. ఆ పెద్ద చక్రాలను ఆపాల్సినవి మాత్రం అవే పాత డ్రమ్ము బ్రేకులు, ఒకే లైను మాస్టర్ సిలిండరు.

సెల్ఫ్ సంగతీ ఇంతే. మూలుగుతుంటే బ్యాటరీ పెద్దది వేస్తారు, మోటారు మారుస్తారు, 6 వోల్టుల నాటి బండయితే ఏకంగా 12కు మార్చేస్తారు. 6 వోల్టుల్లో అదే పనికి రెట్టింపు కరెంటు కావాలి కాబట్టి కేబుళ్లు లావుగా ఉండాలి. మధ్యలో ఎవరో సన్న కేబులు వేసి ఉంటారు, నింద వోల్టుల మీద పడుతుంది. మీటరు ఒక కొసను బ్యాటరీ నెగెటివుకు, రెండోదాన్ని ఇంజను దిమ్మకు ఆనించి సెల్ఫ్ కొట్టి చూడండి. అర వోల్టు మించి చూపిస్తే ఎర్తు బాగాలేనట్టు. నా బండిలో ఎర్తు పట్టీని రంగు మీదే బిగించారు. ఎమరీ కాగితంతో రుద్ది బిగిస్తే సెల్ఫ్ గిర్రున తిరిగింది.

ఇంజను వేడెక్కితే రేడియేటరు పెద్దది చేయిస్తారు, "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకండీ" అని దాన్ని పీకేస్తారు. దిమ్మ లోపలి నీటి దారుల్లో తుప్పు పేరుకుందా, టైమింగు వెనకబడిందా అని చూసేవాళ్లు తక్కువ. ఫోర్ వీల్ లివరు కథ ఇంకా బాధాకరం. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపులు తిప్పితే ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం నడవాలి. మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి ఆ తేడా షాఫ్టుల్లో మెలికపడి బిగుసుకుంటుంది, లివరు రాదు. నాలుగు మీటర్లు తిన్నగా వెనక్కి పోనిస్తే చాలు, మెలిక వదిలి లివరు వచ్చేస్తుంది. ఈ ఒక్కటీ తెలియక ట్రాన్స్‌ఫర్ కేసు మొత్తం కిందికి దింపించిన కుర్రవాణ్ని నేనెరుగుదును. అతని బండికి ఏ రోగమూ లేదు.

ఇంజను మార్చడం వీటన్నిటికంటే ఘోరం, అది వెనక్కి తిప్పలేని పని కాబట్టి. ఇంజను పోయిందని తేల్చేముందు కంప్రెషన్ కొలిపించేవాళ్లు ఎంతమంది? ఒక సిలిండరులో తక్కువొస్తే చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలవాలి. పెరిగితే తప్పు రింగులది, పెరగకపోతే చాలావరకు వాల్వులది. రెండూ లేతు షాపులో బాగయ్యేవే. అది వదిలేసి బరువైన డీజిల్ ఇంజను తెచ్చి దించుతారు. ముందు కమాన్లు కుంగుతాయి. మౌంటింగుల కోసం ఛాసిస్‌ను కోసి వెల్డింగు కొడతారు. పెట్రోలు ఇంజనుకు తగ్గట్టు చేసిన గేరుబాక్సు ఆ కొత్త గుంజుడుకు ఎన్నాళ్లు నిలుస్తుంది? తీసేసిన ఇంజనేమో కిలోల లెక్కన పాత ఇనుములోకి పోతుంది.

పోతున్నదేమిటో ఒకసారి ఆలోచించండి. మహీంద్రా వాళ్లు 1940ల చివర్లో ముంబైలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. 1953లో అమెరికాలో వచ్చిన సీజే-3బి తర్వాత మన రోడ్లకూ చేరింది. దానికి ఆ ఎత్తు బానెట్టు అందం కోసం పెట్టింది కాదు. వెనకటి సైడ్ వాల్వ్ ఇంజను పొట్టిది. ఇన్‌లెట్ వాల్వులను హెడ్డులోకి తెచ్చిన 2.2 లీటర్ల హరికేన్ ఇంజను పొడుగు కావడంతో బానెట్టును పైకి లేపాల్సి వచ్చింది. అమెరికాలో ఈ బండి 1968లో ఆగిపోయింది. ఇదే రూపాన్ని జపాన్‌లో మిత్సుబిషి 1998 దాకా తయారుచేసింది. ఆ ఇంజనును పీకి పారేసి ఆ బానెట్టును మాత్రం ఫొటోలకు ఉంచుకుంటే మిగిలేది జీపు వేషం.

అవతలివాళ్ల వాదనలో నిజం లేదనను. ఈనాటి హైవేల మీద లారీలే 80లో పోతుంటే అరవై ఏళ్ల నాటి బ్రేకులతో తిరగడం ప్రమాదమంటారు. ఒప్పుకుంటాను. నా బండికి రెండు లైన్ల మాస్టర్ సిలిండరు వేయించాను, సీటు బెల్టులు బిగించాను, హెడ్‌లైట్లకు రిలేలు పెట్టించాను. ప్రాణం కాపాడే మార్పుకు నేను అడ్డు చెప్పను. కానీ అవి కూడా డ్రమ్ములు విప్పి, వీల్ సిలిండర్ల కారుడు ఆపిన తర్వాతే. కారే సిలిండరుకు కొత్త మాస్టర్ బిగిస్తే అది ఇంకా గట్టిగా కారుతుంది. "నా డబ్బు, నా బండి, నీకేం?" అనేవాళ్లతో మాత్రం నాకు పేచీ ఉంది. ఎదురుగా వచ్చే స్కూటరు మీది మనిషిది కూడా ఆ రోడ్డే. చట్టమూ వాళ్ల పక్షాన లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులకు గట్టి హద్దులు పెట్టింది, ఆమోదం పొందిన నమూనాకు భిన్నంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలన్న సంగతి ఇంజను మార్చేవాళ్లకు ఆ రోజు దాకా గుర్తురాదు.

బొర్రా నుంచి కటికి జలపాతం దారిలో జీపులు తోలేవాళ్లను చూడండి. రాళ్లూ బురదా వాళ్లకు రోజువారీ కూడు. వాళ్ల బండ్ల మీద నేను వించి చూడలేదు, ఎత్తు టైర్లు చూడలేదు. నాతో మాట్లాడిన డ్రైవరు గర్వంగా చూపించింది రెండే: జనం బరువుకు వెనక కమానులో వేయించిన అదనపు పట్టీ ఒకటి, ప్రతి నిప్పిలు దగ్గరా తడిగా మెరుస్తున్న గ్రీజు రెండోది. అది మార్పంటే. దారి అడిగింది, ఆయన చేశాడు. పోటీల్లో పరిగెత్తే జీపును చూసి మన వీధి జీపుకు అవే తగిలించడం పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమే.

పాత జీపు కొన్నవాళ్లకు నా విన్నపం ఒకటే. ఒక వేసవీ ఒక వానాకాలమూ దాన్ని ఉన్నది ఉన్నట్టుగా నడపండి. ఎక్కడ కారింది, ఏ వేగంలో ఏ చప్పుడు వచ్చింది, ఎన్ని కిలోమీటర్లకు ఎంత ఆయిలు తాగింది, ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ తర్వాత కూడా ఇంజను మార్చాల్సిందే అనిపిస్తే మార్చుకోండి. తీసిన ఇంజనును మాత్రం తూకానికి అమ్మకండి. సిలిండర్లలో కాస్త ఆయిలు పోసి, ప్లగ్గుల కన్నాలు మూసి, గోనె కప్పి ఒక మూల ఉంచండి.