తెర ఉంది, బాగుచేసే చెయ్యేది?

అర్ధవృత్తంలోని కోణం 90 డిగ్రీలేనని 30 ఏళ్లు నల్లబల్ల మీద చెప్పాను. నేను చెప్పాను కాబట్టి పిల్లలు నమ్మారు, అంతే. రిటైరయ్యే ముందు ఏడాది మా తరగతి గోడకు పెద్ద తెర బిగించారు. ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్) అంటాం. జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో వృత్తం, వ్యాసం గీసి, పరిధి మీది బిందువును వేలితో జరపమన్నాను. వెనక బెంచీ పిల్ల ఒకతి వచ్చి అటూ ఇటూ లాగి, వ్యాసం కొస దగ్గరి దాకా నెట్టింది. "మారట్లేదేంటి సార్!" అంది. రుజువు చెప్పడానికి అంతకన్నా మంచి ముహూర్తం నాకెప్పుడూ దొరకలేదు. కేంద్రం నుంచి ఆ బిందువుకు వ్యాసార్ధం గీయించాను. రెండు సమద్విబాహు త్రిభుజాలు పడ్డాయి. మిగిలింది వాళ్లే చేశారు.

అందుకే తెరలు దండగ అనేవాళ్లతో నాకు పేచీ. నా గొడవ వేరే.

మాది మార్కాపురం వైపు, పలకల సీమ. పలక పగిలితే సంతలో ఇంకోటి కొనుక్కునేవాళ్లం. ఈ తెర ఒక ఉరుముల రాత్రి తర్వాత వెలగలేదు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం. నంబరొచ్చింది, మనిషి రాలేదు. మా ఊరి సెల్‌ఫోన్ల షాపు అబ్బాయి విప్పి చూస్తానన్నాడు. వారంటీ పోతుందని, రికవరీ నా జీతంలో పెడతారని నేనే వద్దన్నాను. దుమ్ము పడకుండా పాత ఫ్లెక్సీ కప్పాం. ఎవరి ఫ్లెక్సీయో చెప్పను. పక్క ఊరి బడిలో తెర బాగానే ఉంది, దాని పిన్ నంబరు తెలిసిన టీచరమ్మే బదిలీ అయిపోయింది.

2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు ట్యాబులిచ్చినప్పుడు పాఠాలు అందులోనే ఎక్కించి ఇచ్చారు, నెట్ అక్కర్లేకుండా. ఆ ఆలోచన చేసినవాళ్లకు పల్లె తెలుసు. పాఠ్యపుస్తకాల్లోని దీక్షా పోర్టల్ క్యూఆర్ కోడ్‌లు తెరవాలంటే మేం నీళ్లట్యాంకు దాకా నడవాలి, సిగ్నల్ అక్కడే.

మండల వనరుల కేంద్రంలో ఎంఐఎస్ కోఆర్డినేటరుంటారు, సీఆర్‌పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) ఉంటారు. ఏ బడిలో ఎన్ని తెరలున్నాయో లెక్క వాళ్ల దగ్గరుంటుంది. టెస్టరు, స్క్రూడ్రైవరు పట్టుకున్న మనిషి మాత్రం లేడు. మరుగుదొడ్లు కడగడానికి ఆయాను పెట్టుకున్నాం కదా? తల్లికి వందనం పథకం కింద ఇచ్చే 15 వేలలో 13 వేలు తల్లుల ఖాతాల్లో వేసి, 2 వేలు బడి, మరుగుదొడ్ల నిర్వహణకు ఉంచుతున్నారు. బడి నిర్వహణంటే సున్నం, చీపుర్లే కాదు, గోడ మీది తెర కూడా. ఎలక్ట్రానిక్స్ చదివి ఊళ్లో ఖాళీగా ఉన్న డిప్లొమా కుర్రాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. ఒకరికి బండి పెట్రోలు, నాలుగు విడిభాగాలు, విప్పి చూడొచ్చన్న రాతపూర్వక అనుమతి ఇస్తే చాలు. ఆ అనుమతే ముఖ్యం. మా బడిలో తెరను చంపింది ఉరుము ఒక్కటే కాదు, నా భయం కూడా.

ఏటా జూన్‌లో బడులు తెరుస్తారు. కొత్త తెరలకు టెండరు పిలిచేముందు, ఉన్నవాటికి మండలానికొక మెకానిక్‌ను ఇవ్వండి.